రక్తములో ఉప్పు, ఒంటిలో నీరు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు ఇంటిపన్నును గురించి, వీధి దీపములను గురించి, మురుగు కాలువలను గురించి వినుచున్నారు. వీని నడుమ ఒక రక్తపరీక్షను గురించి, అందులో కనబడు ఒక అంకెను గురించి మాటలాడుటకు మేము నిలుచుట మీకు వింతగ తోచవచ్చును. వైద్యుడు చూచుకొనవలసిన పనితో పంచాయతీకి సంబంధమేమి అని మీలో ఒకరు ఇంతకు ముందే మమ్ము అడిగిరి. ఆ ప్రశ్నకు మేము చూచిన ఒక సంగతితో బదులు చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఏప్రిల్ మాసము చివర, డెబ్బది యేండ్లు దాటిన ఒక అవ్వను మేము పనిచేయుచుండిన ఆసుపత్రికి ఆటోలో తీసికొని వచ్చిరి. అంతకు ఏడాది ముందు ఆమెకు పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. మాట ముద్దగ వచ్చును. కొడుకు, కోడలు కూలికి పోవువారు. వారు ప్రేమలేని వారు కారు. ప్రతి దినము తెల్లవారు జామున ఆమెకు ముఖము కడిగి, గంజి త్రాగించి, నులకమంచము ప్రక్క ముక్కాలిపీటపై చెంబునిండ నీళ్ళు పెట్టి, ఆ తరువాతనే పనికి పోవుచుండిరి. నాలుగు దినములుగ ఆమె మగతగ పడియుండుట చూచి రక్తపరీక్ష చేయించిరి. రిపోర్టులో సోడియము అను పేరు ఎదుట 158 అని వ్రాసి, ప్రక్కన ఎక్కువ అను గుర్తు వేసియున్నది. సోడియము అనగా ఉప్పు అని ఎవరో చెప్పిరి. ఒంటిలో ఉప్పు ఎక్కువైనదని తలచి, ఆ దినము నుండియే వారు గంజిలో ఉప్పు మానివేసిరి. చప్పిడి గంజి ఆమెకు సయింపలేదు. రెండు గ్రుక్కలతో నోరు మూసికొనెడిది. గంజితో పాటు లోనికి పోవుచుండిన నీరును ఆ విధముగ తగ్గిపోయినది. మూడవనాటికి ఆమె పిలిచిన పలుకలేదు. మేము మరల పరీక్ష చేయించినపుడు ఆ అంకె 168.

నీళ్ళు ఎవరు ఇచ్చుచున్నారని మేము అడిగితిమి. "చెంబు పెట్టే వెళ్తున్నామండి" అని కొడుకు చెప్పెను. మంచమునకు ఏ ప్రక్కన అని అడిగితిమి. ఎడమ ప్రక్క గోడ యున్నది గనుక కుడి ప్రక్కన అని చెప్పెను. అనగా పడిపోయిన చేతి వైపున. సాయంకాలము మీరు వచ్చునప్పటికి చెంబులో నీరు ఎంత మిగిలియుండెడిది అని అడుగగా, కోడలు కొంతసేపు ఊరకుండి, "నిండుగానే ఉండేదండి. అత్తకి దాహం లేదనుకున్నాం" అనెను.

ఆ చెంబును గురించియే నేడు మా ప్రసంగము.

మొదట ఆ అంకె సంగతి చెప్పెదము. మన రక్తములో సోడియము అను లవణ పదార్థము ఎల్లప్పుడును ఉండును. లీటరునకు 135 మొదలు 145 వరకు ఉండుట ఆరోగ్య లక్షణము. కొన్ని రిపోర్టులలో మిల్లీ ఈక్వివలెంట్లు అనియు, మరికొన్నిటిలో మిల్లీమోల్‌లు అనియు ఉండును. సోడియము విషయములో రెండును ఒకే అంకె, తికమక పడవలసిన పనిలేదు. 145 దాటిన ఎక్కువ అందురు. 160 దాటినచో ప్రాణభయము కలదని వైద్యులు తలంతురు. 146, 147 చూచి బెదరిపోవలసిన అవసరము లేదు. కాని ఆ మనిషి మగతగ ఉన్నను, ఒడలు తెలియక మాటలాడుచున్నను, అది చిన్న అంకె అని ఊరకుండరాదు. సెలైను ఎక్కుచున్న చేతినుండియే రక్తము తీసిన యెడల అంకె తప్పుగ రావచ్చును. అట్టి అనుమానమున్న వైద్యుడు రెండవ చేతినుండి తీయించి మరల చూచును.

ఇపుడు ముఖ్యమైన విషయము. రిపోర్టులోని ఆ అంకె ఒంటిలో మొత్తము ఎంత ఉప్పు ఉన్నదో చెప్పునది కాదు. నీటితో పోల్చినపుడు ఉప్పు ఎంత చిక్కగ ఉన్నదో చెప్పునది. మీ ఇంటిలో పులుసు కాచునపుడు ఉప్పు సరిగనే వేసియుందురు. పొయ్యి మీద మరచిపోయిన, అది మరిగి మరిగి ఇంకును. రుచి చూచిన ఉప్పుకషాయము. ఎవరు వచ్చి అందులో ఉప్పు వేసిరి? ఎవరును వేయలేదు. నీరు పోయినది, ఉప్పు మిగిలినది. నౌపడలోను, చినగంజాములోను ఉప్పుమళ్ళు చూచిన వారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. అక్కడ ఉప్పు చేయునది ఎండయే. రక్తములో సోడియము పెరిగినదన్న మాటకు నూటికి తొంబది తావులలో ఇదియే అర్థము. ఆ మనిషి ఒంటిలో నీరు ఇంకిపోయినది. ఉప్పు మానిపించుట దానికి చికిత్స కాదు. ఇంకిన పులుసులో నీరు పోయవలెను గాని, ముందు వేసిన ఉప్పును తిట్టి ప్రయోజనమేమి?

అట్లయిన ఎండలో పనిచేయు మనకందరకును ఈ జబ్బు రావలెను గదా అని మీరు అడుగవచ్చును. రాదు. దానికి కారణము దాహము. మెదడు అడుగు భాగమున ఒక చిన్న కేంద్రమున్నది. రక్తము నూటికి ఒకటి రెండు పాళ్ళు చిక్కబడిన చాలును, అది కనిపెట్టును. వెంటనే రెండు పనులు చేయును. మూత్రములో నీటిని పోనీయవద్దని మూత్రపిండములకు ఒక రసము ద్వారా ఆజ్ఞ పంపును. నీళ్ళు త్రాగుమని మనలను తొందరపెట్టును. ఈ రెండవ ఆజ్ఞ ఎంత బలమైనదో మధ్యాహ్నపుటెండలో నాగలి పట్టిన వానికి తెలియును. దాహము తెలిసి, నోటితో అడుగగలిగి, చేతితో చెంబు అందుకొనగలిగిన మనిషికి రక్తములో సోడియము ప్రమాదకరముగ పెరుగుట చాల అరుదు. కాబట్టియే ఒకమాట మీ ముందుంచుచున్నాము. వేసవిలో మీరు వేయించు చలివేంద్రములు మంచివే, వేయింపుడు. కాని చలివేంద్రమునకు నడచి రాగలిగిన వానికి ఈ వ్యాధి రాదు. అది వచ్చునది అక్కడకు రాలేనివారికి.

వారెవరో చూతము. పక్షవాతము వచ్చినవారు, తుంటి ఎముక విరిగి మంచమెక్కిన వారు, మతిమరపు ముదిరినవారు, జ్వరముతో ఒడలు తెలియకున్నవారు, చంటిబిడ్డలు. వీరందరికిని ఒకటే లోపము. నీరు కావలెనని తెలియదు, తెలిసినను అడుగలేరు, అడిగినను అందుకొనలేరు. వృద్ధులకు మరి రెండు చిక్కులున్నవి. వయసుతో దాహము తెలియుట తగ్గును. నీటిని పొదుపు చేయు శక్తి మూత్రపిండములకును తగ్గును. అందుచేత "దాహము లేదు" అని ముసలివారు చెప్పుమాట నిజమే అయినను, ఒంటికి నీరు అక్కరలేదని దానికి అర్థము కాదు. ఆ కోడలు అనుకొనినదానిలో తప్పులేదు. తెలియక అనుకొనినది.

మూడవ చిక్కు ఒకటి కలదు. దానిని సభలో చెప్పుటకు సంకోచింతురు గాని మేము చెప్పక మానము. మన గ్రామములలో చాలమంది వృద్ధ స్త్రీలు కావలెననియే నీళ్ళు త్రాగరు. త్రాగిన రాత్రి రెండు మూడు సారులు లేవవలెను. మరుగుదొడ్డి దొడ్డికి ఆవలి మూలనుండును. దీపముండదు, మెట్టు ఎత్తుగ నుండును. కోడలిని నిద్ర లేపుట ఇష్టముండదు. పక్క తడిసిన ఎవరైన విసుగుకొందురేమో యని భయము. కావున సాయంకాలము నాలుగు గంటలకే చెంబు దూరముగ పెట్టుదురు. మరుగుదొడ్లు ఎన్ని కట్టితిమి అని మనము లెక్క వ్రాయుచున్నాము. ముసలమ్మ మంచమునుండి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులు, అక్కడ పట్టుకొనుటకు ఒక కర్రయైన ఉన్నదా అని ఎవరు చూచుచున్నారు? రక్తపరీక్షలోని అంకెకును, ఆ కర్రకును సంబంధమున్నది.

ఆసుపత్రి నుండి ముక్కు గొట్టముతో ఇంటికి వచ్చిన రోగులను గురించి ఒకమాట. ఇంటివారు ఆ గొట్టము గుండ పాలు, జావ శ్రద్ధగనే పోయుదురు. ప్రక్కన వట్టి నీళ్ళు కూడ పోయవలెనని వారికి ఎవరును చెప్పియుండరు. చిక్కని ఆహారము మాత్రమే పోవుచుండిన, పది దినములలో రక్తము చిక్కబడును. రోజునకు ఎన్ని సారులు, ఎంత నీరు పోయవలెనో ఆసుపత్రి వదలకమునుపే కాగితముపై వ్రాయించుకొనుడు. మధుమేహము అదుపు తప్పిన వారికి కూడ మూత్రముతో నీరు విశేషముగ పోవును. మూత్రము విపరీతముగ పోవు మరియొక గ్రంథి వ్యాధియు కలదు గాని అది అరుదు.

ఇక చంటిబిడ్డల సంగతి. తొలి కాన్పు తల్లికి పాలు పడుటకు రెండు మూడు దినములు పట్టును. బిడ్డ రొమ్ము సరిగ పట్టకపోయినను, తల్లికి చెప్పువారు లేకపోయినను, ఆ బిడ్డకు చాలినంత పాలు అందవు. మొదటి రెండు దినములు ఏడ్చును. తరువాత ఏడుపు మానును. "బిడ్డ బుద్ధిమంతుడు, నిద్రపోవుచున్నాడు" అని ఇంటిల్లిపాది సంతసింతురు. అది బుద్ధిగ నిద్రపోవుట కాదు, నీరసించి సోలిపోవుట. అట్టి బిడ్డను వారమునాడు ఆసుపత్రికి తెచ్చిన, రక్తములో సోడియము 160 దాటియుండుట మేము చూచియున్నాము. పుట్టిన బిడ్డ మొదటి దినములలో కొంత బరువు తగ్గుట సహజము. పుట్టిన బరువులో పదవవంతుకు మించి తగ్గిన, అనగా మూడు కిలోల బిడ్డ మూడువందల గ్రాములకు మించి తగ్గిన, అది సహజము కాదు. అయిదవ దినము దాటిన బిడ్డ దినమునకు ఆరు సారులైన మూత్రము పోయవలెను.

దీనిని కనిపెట్టుటకు మన గ్రామములలో ఏర్పాటు లేకపోలేదు. ఆసుపత్రిలో కాన్పు అయి వచ్చిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3వ, 7వ, 14వ, 21వ, 28వ, 42వ దినములలో రావలెనని నియమము. ఇంటిలోనే కాన్పు అయిన, మొదటి దినముననే రావలెను. ఆమె చేతిలో తూనిక ఉండవలెను. ఆ తూనిక పనిచేయుచున్నదా, స్ప్రింగు సాగిపోయి మూలపడినదా అని చూచుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో కూర్చుండు సభ్యుడు చూడవచ్చును. బిడ్డకు నీరు తగ్గినదని మేము చెప్పితిమి గదా యని ఆరునెలల లోపు బిడ్డకు చెంచాతో నీళ్ళు పట్టవద్దు. తల్లిపాలలో నూటికి ఎనుబదికి పైగ నీరే. మే నెల ఎండలలో కూడ ఆ బిడ్డకు కావలసినది మరల మరల తల్లిపాలే, దినమునకు ఎనిమిది మొదలు పన్నెండు సారులు. డబ్బాపాలు పట్టక తప్పనిచో, డబ్బాపై వ్రాసిన కొలత తప్పరాదు. బలము వచ్చునని ఒక చెంచా పొడి ఎక్కువ కలుపుట బిడ్డ నెత్తురును చిక్కబరచుటయే.

విరేచనములు పట్టుకొనిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఇచ్చుట నేడు అందరికిని తెలిసినదే. దాని విలువ లోకమునకు చాటినవాడు కలకత్తా వైద్యుడు దిలీప్ మహలనబీస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలమున, సరిహద్దునందలి బన్‌గావ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగినది. సెలైను సీసాలు నిండుకొనినవి. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, తల్లులచేతనే బిడ్డలకు త్రాగించెను. అంతకు ముందు నూటికి 30 వరకు ఉండిన మరణములు నూటికి 4 లోపునకు దిగినవి. 2022లో ఆయన మరణించెను. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది.

అంత గొప్ప మందు కూడ కొలత తప్పిన విషమగును. పెద్ద పొట్లము ఒక లీటరు నీటికి. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, మరి రెండు లవణములు ఉండును. ఆ పొట్లమును ఒక గ్లాసు నీటిలో కలిపి పట్టిన, అది అయిదింతల ఉప్పునీరు. నీరు పోయి ముందే చిక్కబడిన బిడ్డ రక్తమునకు అది తోడగును. పొట్లము సగము ఇపుడు, సగము రేపు అని విప్పి మడిచి పెట్టిన, ఏ సగములో ఎంత ఉప్పు వచ్చునో చెప్పలేము. పూర్వపు పొట్లములో లీటరునకు 90 వంతుల సోడియము ఉండెడిది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ దానిని 75కు తగ్గించినవి. అంత జాగ్రత్తగ లెక్కకట్టిన దానిని మనము వంటింటిలో గ్లాసు చాలక పాడుచేయుచున్నాము. ప్రతి అంగన్‌వాడీ కేంద్రమున లీటరు గుర్తు పెట్టిన పాత్ర ఒకటి వ్రేలాడదీసి, తల్లులకు చూపిన ఎంత ఖర్చగును? ఇంటిలో లీటరు సీసాలు లేని యిల్లు నేడు లేదు. ఆ సీసాను శుభ్రముగ కడిగి కొలతకు వాడవచ్చునని చెప్పుడు. కలిపిన నీటిని ఇరువది నాలుగు గంటలు దాటిన పారబోయవలెను.

పొట్లము పేరిట జరిగిన మరియొక మోసము సంగతి మీకు తెలిసియుండవలెను. తియ్యని పండ్లరసపు పానీయములను ఓ.ఆర్.ఎస్. అను అక్షరములు అట్టపై ముద్రించి మందులషాపులలో అమ్ముచుండిరి. వానిలో పంచదార మెండు, లవణములు తక్కువ. విరేచనములతోనున్న బిడ్డకు అంత పంచదార పట్టిన, అది ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై ఏండ్లతరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా సంస్థ అట్టి పానీయములపై ఆ అక్షరములు వాడరాదని ఆజ్ఞాపించినది. మీ ఊరి షాపులో పాత సరుకు ఇంకను ఉన్నదేమో చూడుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పొట్లము ఉచితముగనే దొరకును.

నూటికి తొంబది అన్నాము గదా. మిగిలిన కొద్ది తావులలో నిజముగనే ఉప్పు ఎక్కువై సోడియము పెరుగును. 1962 మార్చిలో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, బింగ్‌హాంటన్ పట్టణపు ఆసుపత్రిలో, పంచదార ఉండవలసిన డబ్బాలో ఉప్పు పోసిరి. అది కలిపిన పాలు త్రాగి ఆరుగురు శిశువులు మరణించిరి. అంత దూరము పోనక్కరలేదు. మన గ్రామములలో ఎవరైన పురుగుమందు త్రాగిన, వాంతి చేయించుటకు చెంబుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి బలవంతముగ త్రాగించుట అలవాటు. ఇది మానవలెను. వాంతి కాక ఆ ఉప్పు లోన నిలిచిన, కొన్ని గంటలలో రక్తములో సోడియము ప్రాణాంతకముగ పెరుగును. వాంతి అయినను, స్పృహ తప్పుచున్నవానికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. పురుగుమందు చేసిన హానికి ఈ హాని తోడగును. నోట ఏమియు పోయక, మందు డబ్బాతో సహా, 108 వాహనములో వెంటనే పంపుటయే చేయవలసిన పని. ఈ ఒక్కమాట దండోరా వేయించినను మాకు తృప్తి. సముద్రతీరపు పంచాయతీల వారు ఉన్నారు గనుక ఒకమాట. పడవ చెడి నడిసముద్రమున చిక్కినవాడు సముద్రపునీరు త్రాగరాదు. లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములున్న ఆ నీటిని బయటకు పంపుటకు మూత్రపిండములు ఒంటిలోని మంచినీటినే ఖర్చుచేయును. త్రాగినకొలది దాహము పెరుగును.

మా ఊరి బోరునీరు ఉప్పగ ఉన్నది, మాకును సోడియము పెరుగునా అని వెనుకనుండి ఒకరు అడుగుచున్నారు. మంచి ప్రశ్న. ఆరోగ్యవంతునకు అట్లు పెరుగదు. ఉప్పు ఎక్కువ తినిన దాహమగును, నీరు త్రాగుదుము, రక్తములో చిక్కదనము సమానమగును. అయినను అది క్షేమమని కాదు. ఆ నీరు, ఆ ఉప్పు కలిసి రక్తనాళములలో నిలిచి రక్తపుపోటును పెంచును. రిపోర్టులో సోడియము 140 ఉన్నది గనుక ఊరగాయ, అప్పడము ఇష్టమువచ్చినట్లు తినవచ్చునని బి.పి. రోగి అనుకొనుట పొరపాటు. దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది, అనగా సుమారు ఒక చెంచా. కూరలో వేసినది, పచ్చడిలోనిది, మజ్జిగలోనిది అన్నియు కలిపి. ఉప్పు ఎక్కువ తినుట ఒక జబ్బు దారి, రక్తములో సోడియము పెరుగుట మరియొక దారి. రెండింటిని కలుపుటచేతనే ఆ అవ్వకు చప్పిడి గంజి వచ్చినది.

ఆమె సంగతి ముగించెదము. ఇంత నీరు తగ్గినది గదా, ఒక్కసారిగ ఎక్కించిన సరిపోవునని ఆమె బంధువులు తొందరపడిరి. అట్లు చేయరాదు. రక్తము చిక్కబడినపుడు మెదడులోని కణములు నీరు కోల్పోయి కుంచించుకొనును. మగతకును, మూర్ఛలకును అదియే కారణము. రెండు మూడు దినములు గడచిన, మెదడు ఆ ఉప్పదనమునకు ఎట్లో సర్దుకొని యుండును. అపుడు నీరు వేగముగ పోసిన, ఎండిన శనగలు నానినట్లు అది ఉబ్బును, ప్రాణము పోవచ్చును. అందుచేత దినమునకు పది, పండ్రెండు అంకెలకు మించకుండ, మరల మరల రక్తము పరీక్షించుచు మెల్లగ దింపుదుము. ఇంటిలో ఎవరైన స్పృహ లేక పడియున్న, నోట నీళ్ళు పోయుటకు ప్రయత్నింపక ఆసుపత్రికి చేర్పవలెననుటకు ఇదియు ఒక కారణమే. అవ్వకు మూడు దినములు పట్టినది. నాలుగవనాటి ఉదయము అంకె 144. ఆమె కన్నులు తెరచి కోడలిని చూచి ముద్దమాటలతో ఏమో అడిగెను. మాకు తెలియలేదు. కోడలికి తెలిసినది. ఉప్పు వేసిన మజ్జిగ కావలెనట. ఇమ్మని చెప్పితిమి. ఆ కోడలు గ్లాసు పట్టుకొని ఏడ్చినది.

వారింటికి తిరిగి పోయినపుడు చేసిన మార్పు ఒకటే. మంచమును గోడనుండి ఈవలకు జరిపి, చెంబును ఎడమ ప్రక్క పెట్టిరి. మూతకు రంధ్రము చేసి గొట్టము అమర్చిన సీసా ఒకటి తరువాత కొడుకు సంపాదించెను. ప్రక్కింటి పిల్ల మధ్యాహ్నము బడినుండి అన్నమునకు వచ్చునపుడు ఒక గ్లాసు త్రాగించి పోయెడిది. వీనిలో ఏదియు వైద్యుడు చేయునది కాదు.

రాజ్యాంగపు 73వ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు సంక్షేమము పంచాయతీకి అప్పగింపదగిన విషయములలో నున్నవి. త్రాగునీరనగా ట్యాంకు, కుళాయి అనియే మనము తలంచుచున్నాము. కుళాయి వరకు నీరు తెచ్చితిమి. కుళాయి నుండి నోటివరకు ఉన్న పది గజముల దూరము కొందరికి ఇంకను దాటరానిది. 2015 వేసవి వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిసి వేయిమందికి పైగ మరణించిరి. ఎండలో పనిచేయువారు అందులో చాలమంది. మంచముమీద మరణించిన ముసలివారిని వయసుడిగి పోయినారని మాత్రమే మనము చెప్పుకొందుము.

కావున మేము అడుగునది ఇది. ఫాల్గుణము దాటకముందే ప్రతి వార్డు సభ్యుడు తన వార్డులో తమంతట తాము నీరు త్రాగలేనివారి పేర్లు వ్రాసికొనవలెను. అయిదారు వందల గడప గల వార్డులు మనకు లేవు, ఒక సాయంకాలపు పని. పనులకు జనము పోవు వేళ, అనగా తెల్లవారినది మొదలు మూడుగంటల వరకు, ఆ ఇంటిలో మనిషి ఎవరుందురు అని ఒక గడిలో వ్రాయవలెను. ఎవరును లేరన్న చోట ఇరుగుపొరుగు నుండి ఒకరిని ఒప్పింపవలెను. గంటగంటకు కొద్దికొద్దిగ, దినమునకు లీటరున్నర ప్రాంతము నీరు, పలుచని మజ్జిగ, గంజి, తరవాణి ఏదైనను సరే. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉండి నీరు ఇంతకు మించరాదని వైద్యుడు చెప్పినవారికి మాత్రము ఆ వైద్యుని లెక్కయే లెక్క. వారిపేరు ప్రక్క ఆ లెక్కను ఎర్రసిరాతో వ్రాయుడు. మూత్రము ముదురు పసుపుగ ఉన్నదని, మనిషి నిన్నటికంటె మందముగ ఉన్నాడని తెలిసిన, ఏ.ఎన్.ఎం.కు కబురు పంపుడు.

సాయంకాలము ఆ వీధిన పోవునపుడు లోనికి తొంగిచూచి ఒక్క ప్రశ్న అడుగుడు. ఉదయము నింపిన చెంబులో ఇపుడు ఎంత ఉన్నది? నిండుగనే ఉన్నదని చెప్పిన, లోనికి పోయి అది ఏ ప్రక్కన ఉన్నదో చూడుడు.